ఆరుడు వేరు, ఆగుడు వేరు

నీలవ్వ రోజూ పొద్దున మిల్లు గేటు దగ్గర చెప్పులు విడిచాక ముందుగా సిద్ధులగుట్ట వైపు తిరిగి దండం పెట్టేది. ఆర్మూర్‌లో ఎక్కడ నిలబడ్డా ఆ రాళ్ల గుట్ట కనబడుతూనే ఉంటుంది గనుక దేవుణ్ణి వెతుక్కోవలసిన పని లేదు. దండం అయ్యాక వరండాలో మొదటి బస్తా మూతి విప్పి, మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగు నుంచి ఒక పసుపు కొమ్ము తీసేది. దాన్ని కళ్లకద్దుకుని, కుడిచెవికి ఆనించి విరిచేది.

ఆ ఒక్క క్షణం ఆమె ముఖం చూడాలి. గుళ్లో గంట కొట్టి, ఆ మోత సన్నగిల్లేదాకా కళ్లు మూసుకుని నిలబడేవాళ్ల ముఖంలా ఉండేది.

విరిచిన కొమ్ములో సగం గోడ గూట్లో ఉన్న పోచమ్మ పటం ముందు పెట్టేది. మిగతా సగం, తన తర్వాత గేటులో ఎవరు అడుగుపెడితే వాళ్ల చేతిలో. హమాలీ గంగాకిషన్‌కు దొరికితే దగ్గుకు పాలల్లో మరిగించుకునేవాడు. భూమవ్వకు దొరికితే కొంగున ముడివేసుకునేది. ఒకసారి కరెంటు మీటరు చూడడానికి వచ్చినతనికి దొరికింది. ఏం చెయ్యాలో తెలియక జేబులో వేసుకుని పోయాడు. మరుసటి నెల వచ్చినప్పుడు, అది ఇంకా జేబులోనే ఉందని తీసి చూపించి సిగ్గుపడ్డాడు.

నీలవ్వ పుట్టింది ముప్కాల్‌లో. చదివింది నాలుగో తరగతి. హన్మాండ్లును పెళ్లాడి ఆర్మూర్ చేరింది. పసుపు ఎండిందో లేదో చూసే విద్య మాత్రం పుట్టింటి కల్లంలో తల్లి దగ్గర నేర్చుకున్నదే. "పచ్చి కొమ్ము వంగుతది, ఎండిన కొమ్ము పలుకుతది" అనేది తల్లి. బాగా ఎండిన కొమ్మును విరిస్తే కంచుగిన్నెను గోటితో మీటినట్టు పలుకుతుంది. లోపల తడి ఉంటే మూగగా విరుగుతుంది. ఆ మూగకొమ్ములు మర పట్టించిన పసుపులో కలిశాయంటే పొడి ఉండలు కట్టి, నెల తిరక్కుండా ముక్కిన వాసన వస్తుంది. అందుకే వెంకటరాజం సేటు పసుపు మిల్లులో పంతొమ్మిదేళ్లుగా ఏ బస్తా వచ్చినా ముందు నీలవ్వ, భూమవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చునే వరండాకే వచ్చేది. వాళ్లు అక్కడక్కడ చెయ్యి పెట్టి, విరిచి, విని, సరే అంటేనే లోపలికి. ఆ పనిని అందరూ 'విరుపు' అనేవారు.

వరండా పక్కనే కొమ్ములకు మెరుగుపెట్టే పాలిష్ డ్రమ్ము. దాని మోతకు నీలవ్వ ఎడమచెవి మందగించింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. భూమవ్వకు తెలుసు. తెలుసునని భూమవ్వా చెప్పలేదు. ఏ మాట చెప్పాలన్నా చుట్టు తిరిగి వచ్చి కుడిపక్కన కూర్చునేది, అంతే.

ఆ ఏడు పసుపు రాక మొదలైన రోజుల్లోనే హైదరాబాద్ నుంచి ఒక మాట వచ్చింది. మిల్లు పసుపు పొట్లాలను ఎక్కువగా కొనే అక్కడి దుకాణంవాళ్లు, బస్తా దిగిన నాటి నుంచి ఏడు రోజుల్లో పొట్లాలు లారీ ఎక్కకపోతే వేరే చోటు చూసుకుంటామన్నారు. మిల్లులో తొమ్మిది రోజులు పడుతోంది, ఒక్కోసారి పది. వెంకటరాజం దిగులు పడ్డాడు. అప్పుడు ఆయన కోడలు వినీత, "నేను చూస్త మామయ్యా" అని ముందుకొచ్చింది. హైదరాబాద్‌లో కంపెనీలో పనిచేసి వచ్చిన పిల్ల. పొగరు లేని మనిషి. పనివాళ్లకు నీళ్లు కావాలంటే కుండ దగ్గరికి తనే లేచేది.

వినీత మూడు రోజులు వరండాలో స్టూలు వేసుకుని, ఫోన్లో గడియారం పెట్టుకుని రాసుకుంది. నాలుగో రోజు గోదాం గోడకు గోధుమరంగు కాగితం పెద్దది అంటించి, దాని మీద రంగుల చీటీలు అతికించింది. అందరినీ పిలిచింది.

"దీన్ని వాల్యూ స్ట్రీమ్ మ్యాపింగ్ అంటరు. బస్తా దిగిన కాడి నుంచి లారీ ఎక్కేదాక ఏడేడ ఏం పనైతుందో, ఏడ టైమ్ పోతుందో ఒక్క బొమ్మల చూసుడన్నట్టు."

"వాలుగ మ్యాపింగా?" అంది భూమవ్వ. "నేను వాలుగ చాప పులుసు అనుకొని మస్తు సంబరపడ్డ."

అందరూ నవ్వారు. వినీత కూడా నవ్వింది. నవ్వుతూనే చెప్పింది: పచ్చ చీటీ ఉన్నచోట సరుకుకు విలువ పెరుగుతుంది. ఎర్ర చీటీ ఉన్నచోట ఏమీ పెరగదు, ఉత్తగా ఆలస్యం. ఎర్ర చీటీల మీద అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే రాసింది: 'ఊకె పని'.

ఎర్ర చీటీలలో ఒకటి మర పట్టిన పొడి ఆరబోసే గది మీద ఉంది. అన్నింటికన్నా పెద్దది విరుపు వరండా మీద ఉంది.

నీలవ్వ దగ్గరికి వెళ్లి అక్షరాలు కూడబలుక్కుంది. "ఊ... కె... పని." మళ్లీ చదివింది. "ఇది నా జాగనేనా బిడ్డా?"

"కోపం చెయ్యకు నీలవ్వా. మీ నలుగురి ముంగట ఎప్పుడు చూసినా ముప్పై, నలభై బస్తాలు ఆగి ఉంటున్నయి. మూడు రోజులు చూసిన. తేమ చూసే మీటర్ తెప్పిస్తున్న. బస్తాల గుచ్చితే అదే చెప్తది."

వెంకటరాజం గొంతు సవరించుకున్నాడు. మెత్తగానే అన్నాడు. "ఉగాది దాక చేయున్రి. అటెన్క ఇంటికాడ ఉండున్రి. పంతొమ్మిదేండ్లు చేసినవ్ నీలవ్వా, నిన్ను ఊకె పంపుతనా? చీర పెట్టి పంపుత."

"గా ఊకె అన్న మాటనే వద్దంటున్న సేటు" అంది నీలవ్వ. అప్పటిదాకా ఆమె గొంతు ఆ మిల్లులో అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. "నేను పోను."

"పోనంటే?"

"పోనంటే పోను. కుప్ప నా ముంగట ఉన్నదని తప్పు నాదెట్లయితది? వానకు నీళ్లు గుంతల నిలుస్తయి. గుంత పోసిందా నీళ్లు?"

గంగాకిషన్ ఒక్కడు "గదీ..." అని సగంలో ఆపి, సేటు ముఖం చూసి బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

నీలవ్వ వినీత వైపు తిరిగింది. "నువ్వు మూడు దినాలు మా ఎంబడి ఉన్నవ్ బిడ్డా, గడియారం పట్టుకొని. మా చేతులు చూసినవ్. పసుపు ఎంబడి నడిచినవా? ఒక్క బస్తా ఎంబడి, దిగిన కాడి నుంచి లారీ ఎక్కేదాక, నడిచినవా?"

వినీత ముఖం ఎర్రబడింది. చిన్నగా, "నడువలే" అంది. "మాకు ట్రైనింగ్ల గదే చెప్పిన్రు. వస్తువు ఎంబడి నడువున్రి అని. నేను కుప్ప కనబడ్డ కాడ కూసున్న."

"నేను నడుస్త. నువ్వు గూడ రా. బస్తా నా ముంగట ఒక్క పూట ఆగిందంటే, నా చెప్పులు నేనే ఏసుకొని పోత. సేటు చీర గూడ వద్దు."

అన్న మాట అనేసింది. ఇంటికి పోయాక హన్మాండ్లుకు చెప్పింది. అతను ఆమెకు పళ్లెంలో అన్నం పెడుతున్నాడు. మోకాళ్లు పట్టేసి పొలం పని మానుకున్నప్పటి నుంచి వంట అతనిదే.

"ఓడిపోతే?" అన్నాడు.

"ఓడిపోతే ఇంట్ల కూసొని పొద్దంత నీ మొఖం చూసుకుంట."

"అయితే గెలువు" అన్నాడు హన్మాండ్లు, ఇంకో గరిటె పప్పు వేస్తూ.

గురువారం పొద్దున ఏర్గట్ల నుంచి ట్రాక్టరు వచ్చింది. నలుగురి ముందు, కళ్లు మూసుకుని నీలవ్వ ఒక బస్తా మీద చెయ్యి వేసింది. దాన్ని గుర్తుపట్టడానికి తెల్లదారం పసుపులో ముంచి, చిన్న కొమ్ము కట్టి, పెళ్లిలో చేతికి కట్టే కంకణంలా బస్తా మూతికి కట్టింది. తన దగ్గర విరుపు అయ్యేసరికి అరగంట పట్టింది. వినీత గడియారం చూసి రాసుకుంది.

మధ్యాహ్నం అన్నాలు తిని వచ్చేసరికి బస్తా లేదు.

వెతగ్గా వెతగ్గా పోచమ్మ గూటి కింద కనబడింది. పైన రెండు బంతిపూలు. ముందు ఊదుబత్తి వెలుగుతోంది.

"ఏం చేసినవ్ గంగాకిషన్?"

"నేనేం చేసిన? కంకణం కట్టినవ్ గదా. మొక్కుబడి బస్తా అనుకున్న. దాని మీద ఇంకో బస్తా ఎట్లేస్త? పాపం తగులదా?" అన్నాడతను. "కాళ్లు కడుక్కొని మోసిన సుత."

వినీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నీలవ్వకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. "నీ భక్తి సల్లగుండ! ఇది దేవుని బస్తా గాదు. అన్ని బస్తాలెట్లనో ఇదట్ల. ముందుకు తొయ్యకు, ఎనుకకు గుంజకు. గిట్ల పక్కకు పెడితే లెక్కంత తప్పుతది." బస్తాను మళ్లీ డ్రమ్ము ముందు కుప్పలోకి చేర్పించి, ఊదుబత్తిని మాత్రం ఆర్పలేదు. వెలిగించింది ఆరేదాకా ఉండనిమ్మంది.

మిల్లు వెనక సిమెంటు కల్లం మీద ఆమె ముగ్గు మొదలుపెట్టింది. వినీత కాగితం మీద గళ్లు గీసినట్టే, పని జరిగే ఒక్కో చోటుకు ఒక గడి. గడికీ గడికీ మధ్య దారి. బస్తా ఎక్కడైనా ఆగితే, ఆగిన గంటకు ఒక కొమ్ము చొప్పున ఆ దారి మీద పేర్చాలి. పగలూ రాత్రీ గంట గంటే. మొదటి గడి తనది. అరగంటకు నిండు కొమ్ము పెడితే అబద్ధమవుతుందని విరిచి సగం పెట్టింది. అక్కడా అలవాటు పోలేదు. కుడిచెవి దగ్గరే విరిచింది.

డ్రమ్ము ముందు బస్తా రెండు పగళ్లు, రెండు రాత్రులు ఆగింది. డ్రమ్ము చెడిపోయి కాదు. నలభై బస్తాలు పోగైతే గానీ తిప్పొద్దని సేటు పెట్టిన రివాజు. ఆ పోగయ్యే బస్తాలకు చోటు వరండాలోనే ఉంది గనుక కుప్ప నీలవ్వ ముందు పెరుగుతూ వచ్చింది. శనివారం పొద్దున ఆమె ఆ దారి మీద నలభై ఎనిమిది కొమ్ములు పేరుస్తుంటే వినీత పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే అందించింది. అందించడం అయ్యాక వినీత లేచి గోదాంలోకి పోయి, వరండా మీది పెద్ద ఎర్ర చీటీని పీకేసి వచ్చింది.

"అప్పుడే ఎందుకు పీకినవ్" అంది నీలవ్వ. "ఇంక దారి అయిపోలే."

శనివారమే కొమ్ములు డ్రమ్ములో మెరుగెక్కి, రాళ్లూ వేర్లూ ఏరుడై, మర ముందుకు చేరాయి. బస్తా మారినప్పుడల్లా కంకణం కూడా విప్పి కొత్త మూతికి కట్టింది నీలవ్వ. మధ్యలో ఆదివారం మిల్లు బందు; ఆ గంటలకూ కొమ్ములు పేర్చింది. సోమవారం మర పట్టారు. పొడిని గదిలో ఆరబోశారు. అక్కడ కూడా కొమ్ములు పెట్టబోయిన వినీత చెయ్యి పట్టుకుంది నీలవ్వ.

"ఈడ వద్దు. ఇది ఆగుడు గాదు, ఆరుడు. మర నుంచి పొడి కాలుకుంట వస్తది. గట్లనే పొట్లం కడితే లోపల చెమ్మ పడుతది. ఆరేది పని జేస్తున్నట్టే బిడ్డా. ఆరుడు వేరు, ఆగుడు వేరు."

వినీత ఆ మాటను తన పుస్తకంలో రాసుకుంది. రాసుకుని, "మా పుస్తకాలల్ల రెండిటికి ఒక్కటే రంగు నీలవ్వా" అంది.

మంగళవారం పొద్దుటికి పొడి చల్లారింది. పొట్లం సంచులు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి సేటు మొలతాడుకు ఉంది. సేటు నిజామాబాద్ మార్కెట్టుకు పోయాడు. బుధవారం మధ్యాహ్నం గానీ రాలేదు. ఆ దారి మీద ఇరవై ఏడు కొమ్ములు.

గురువారం సాయంత్రానికి పొట్లాలు అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. పెట్టెకు కంకణం కడుతూ నీలవ్వ చెయ్యి ఆగిపోయింది.

మరునాడు శుక్రవారం. శుక్రవారం లారీ కదలదు.

ఆ రివాజు ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. పన్నెండేళ్ల కింద, శుక్రవారం పూట పసుపు గడప దాటితే లక్ష్మి దాటినట్టేనని సేటు భార్య కాంతమ్మకు చెప్పింది తానే. కాంతమ్మ భర్తకు చెప్పింది. ఆనాటి నుంచి శుక్రవారం మిల్లు గేటు దాటి ఒక్క పెట్టె పోలేదు. రేపంతా పెట్టె ఊరికే ఉంటుంది. శనివారం పొద్దుటికి లెక్క వేస్తే నలభై కొమ్ములు.

భూమవ్వ చుట్టు తిరిగి వచ్చి కుడిపక్కన కూర్చుంది. "అక్కా, శుక్రారంవి పెట్టకు. అది దేవుని లెక్క. మనుషుల లెక్క గాదు. ఎవలడుగుతరు?"

"ఎవలు అడుగకుంటె పెట్టొద్దా?"

"పెడితే సేటు నిన్నే అంటడు. గెలిచినదానివి, ఓడిపోతవ్."

ఆ రాత్రి నీలవ్వ హన్మాండ్లు పెట్టిన అన్నం సగమే తింది. ఉపవాసాలు, మొక్కులు తప్పని మనిషి. దేవికిచ్చిన మాటను సిమెంటు మీద కొమ్ములతో కొలవడానికి ఆమెకు చేతులు రావడం లేదు. కొలవకపోతే, తన జాగ మీద ఎర్ర చీటీ అతికించిన వినీతను నిలదీసే హక్కు తనకు ఎక్కడిది?

శుక్రవారం పొద్దున ఎప్పటిలాగే కాంతమ్మ మిల్లుకు వచ్చింది. పోచమ్మకు దీపం పెట్టి, ఆడవాళ్లందరినీ వరుసగా కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టి, ఒక్కొక్కరి కొంగులో రెండేసి పసుపు కొమ్ములు, కుంకుమ పొట్లం వేసింది. ప్రతి శుక్రవారం వేస్తుంది. ప్రతి శుక్రవారం అవి కొంగున ముడివేసుకుని సాయంత్రం అందరూ గేటు దాటి ఇళ్లకు పోతారు.

నీలవ్వ కొంగులోకి చూసుకుంది. పన్నెండేళ్లుగా శుక్రవారం పసుపు గడప దాటుతూనే ఉంది. బొట్టు పెట్టి పంపితే దాటుతోంది. అమ్మవారు ఏనాడూ వద్దనలేదు. ఇంటికొచ్చిన ఆడబిడ్డను శుక్రవారం పూట పసుపు ఇవ్వకుండా ఎవరు పంపుతారు?

లేచి వెళ్లి పోచమ్మ పటం ముందు లెంపలు వేసుకుంది.

శనివారం పొద్దున పెట్టె లారీ ఎక్కింది. వినీత అందరినీ కల్లం మీదికి పిలిచింది. వెంకటరాజం చేతులు వెనక్కి కట్టుకుని ముగ్గు చుట్టూ నడిచాడు. చిన్న చిన్న గళ్లు. వాటి మధ్య పొడుగ్గా, పసుప్పచ్చగా కొమ్ముల బారులు. మొదటి గడిలో సగం కొమ్ము ఒంటరిగా పడి ఉంది.

డ్రమ్ము ముందు బారును దాటాడు. ఆదివారం బారు దగ్గర ఆగాడు. "ఈ ఒక్కటి ఎత్తేస్తే చాలు. ఆదివారం గూడ మిల్లు నడిపిస్తే సరిపాయె."

"అవి ముట్టకు సేటు" అంది నీలవ్వ. "ఆదివారం మనుషుల ఆరుడు. పొడి ఆరకుంటె ముక్కుతది. మనుషులు గూడ గంతే."

భూమవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సేటు ముఖం మారింది. ముందుకు నడిచి తాళంచెవి బారు దగ్గరికి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

"నా మిల్లుల, నా తాళం మీద నువ్వు కొమ్ములు పేరుస్తవా నీలవ్వా?"

"నేను పేర్వలే. పసుపు ఆగింది, నేను చూపించిన."

"మన పేరున్న సంచులు బయటికి పోతే ఎవడో కల్తీ పసుపు నింపుకుంటడు. పేరు పోయేది నాది."

"పేరు నీది, పసుపు మాది. పంతొమ్మిదేండ్లు నీ పేరును చెవి కాడ పెట్టుకొని విరిచి ఇన్న. ఒక్క మూగ కొమ్ము పోనిచ్చిన్నా? గంత నమ్మినోనివి, నాలుగు సంచుల కాడ నమ్మవా? తాళం నీ నడుముకు ఉన్నంత సేపు పసుపు నడువది."

"మస్తు మాట్లాడుతున్నవ్" అన్నాడు వెంకటరాజం. తర్వాతి బారు వైపు వేలు చూపాడు. "మరి గిదెవలది? గింత పొడుగున్నది. గిది గూడ నాదేనా?"

అక్కడ శుక్రవారం ఉంది. నలభై కొమ్ములు. తెల్లవారకముందే వచ్చి ఒక్కతే పేర్చింది.

"గిది నాది" అంది నీలవ్వ.



"పన్నెండేండ్ల కింద నేనే చెప్పిన. దేవుని మాట సగమే ఇన్న, సగమే చెప్పిన. శుక్రారం పసుపును ఊకె పంపొద్దు. బొట్టు పెట్టి పంపొచ్చు. కాంతమ్మ నిన్న నా ఒడిల ఏసింది, నేను ఇంటికి తీసుకపోయిన. ఇంకో ఇంటి ఆడబిడ్డల కోసం పోయే పసుపు అది, ఎందుకాపాలె? వచ్చే శుక్రారం మొదటి పెట్టెకు నేనే బొట్టు పెట్టి లారీ ఎక్కిస్త. తప్పయితే నన్నే అడుగుతది అమ్మ, నిన్ను గాదు." కిందికి వంగి శుక్రవారం బారును రెండు చేతులతో ఒడిలోకి ఎత్తుకుంది. "నాది నేను ఎత్తుకున్న సేటు. నీది నువ్వు ఎత్తుకో."

వెంకటరాజం అలాగే నిలబడ్డాడు. కాంతమ్మ వరండా మెట్ల మీద నుంచి చూస్తోంది. పెనిమిటిని చూసి తల కొంచెం ఊపింది. ఆయన మొలతాడు నుంచి తాళంచెవి ఊడదియ్యడానికి చాలాసేపు పట్టింది. ముడి గట్టిపడిపోయింది. గంగాకిషన్ సాయం చెయ్యబోతే, "నేను తీస్త తియ్" అని కసిరాడు. చివరికి ఊడింది. ఎవరి చేతికీ ఇవ్వకుండా ముగ్గులో, కొమ్ముల పక్కన పెట్టి, వెనుదిరిగి చూడకుండా గదిలోకి పోయాడు. అది ఓటమి అనిపించుకోకూడదని ఆ సాయంత్రం అందరికీ మిర్చిబజ్జీ తెప్పించాడు. తానూ తిన్నాడు.

తాళంచెవి భూమవ్వ దగ్గరికి చేరింది. డ్రమ్మును పదిహేను బస్తాలకే తిప్పడం మొదలైంది. మొదటి రెండు రోజులు డ్రమ్ము నడిపేవాళ్లు సణిగారు, మూడో రోజుకు మరిచిపోయారు. మరుసటి శుక్రవారం పెట్టె మీద కుంకుమ బొట్టుతో లారీ గేటు దాటింది. డ్రైవరు ఆ బొట్టు చూసి, పెట్టెను ముందు తన సీటు పక్కన పెట్టుకున్నాడు. తర్వాత వినీత ఇంకో బస్తాకు కంకణం కట్టించి తానే దాని వెంట నడిచింది. ఆరు రోజులకు లారీ ఎక్కింది. అందులో ఒకటి ఆదివారం.

మీటరు కూడా వచ్చింది. నీలవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఉండనీ పాపం, అది గూడ బతకాలె" అని పోచమ్మ గూటి పక్కన మేకుకు వేలాడదీసింది. చీర మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గోదాం గోడ మీద వినీత కొత్త కాగితం అంటించింది. ఈసారి చీటీలు మూడు రంగులు. పనికి పచ్చ, ఆగుడుకు ఎరుపు, ఆరుడుకు పసుపు. 'ఊకె పని' అన్న మాట ఎక్కడా లేదు. చూపించడానికి నీలవ్వను పిలిచింది. ఎడమవైపు నిలబడి ఏదో అడిగింది. నీలవ్వ పలకలేదు. మళ్లీ అడిగింది. పలకలేదు. వినీత ఒక్క క్షణం ఆమె చెవి వైపు, బయట డ్రమ్ము వైపు చూసింది. చుట్టు తిరిగి కుడిపక్కకు వచ్చి, "బాగున్నదా నీలవ్వా?" అంది.

నీలవ్వకు అర్థమైంది.

"బిడ్డా, నాకొక్క మేలు చెయ్యాలె" అంది. "ఎడమచెవి పోయి నాలుగేండ్లయితుంది. కుడిది బాగనే ఉన్నది. ఎన్నాళ్లుంటదో తెల్వదు. భూమవ్వకు తెలుసు, కని అది చెప్పది. నా మీద ప్రేమ దానికి. రేపటి సంది పొద్దుగాల నాకంటె ముందు నువ్వు రా. మొదటి కొమ్ము నేను విరుస్త, మనిద్దరం ఇందాం. ఏ దినం పచ్చిదాన్ని నేను ఎండింది అన్ననో, గా దినం మొహమాటపడకు. మీటర్‌కు చెప్పనియ్యకు, సేటుకు చెప్పనియ్యకు. నా జాగ మీద ఎర్ర చీటి నీ చేతుల్తోనే అతికియ్యి. గా దాక మాత్రం నన్ను ఎవలు లేపినా లేవ."